ముందస్తు సత్యం

తనది కాని చెంబుతో దేవుడికి అభిషేకం చేస్తే ఆ పుణ్యం ఎవరికి చెందుతుంది? ద్వారపూడిలో దర్జీ పని చేసుకునే ముత్యాల భద్రయ్యను ఈ అనుమానం ఇరవై రెండేళ్ళుగా పట్టుకుని ఉంది. పురోహితుణ్ణి అడిగితే, "చెంబు ఎవరిదైతేనేం, నీళ్ళు గోదావరివే కదా" అని తప్పించుకున్నాడు. దేవుణ్ణి అడిగితే ఆయన ఎప్పటిలాగే చిరునవ్వు నవ్వాడు.

చెంబు వచ్చిన తీరు ఇది. ఆ రోజుల్లో భద్రాచలం రాముణ్ణి చూసుకుని భద్రయ్య, ఆయన భార్య మాణిక్యాంబ లాంచీలో తిరిగి వస్తున్నారు. దారిలో మూడేళ్ళ పిల్లకు వాంతులు పట్టుకున్నాయి. మెడ వాల్చేసింది. లాంచీ గుమ్మడిరేవు అనే కొండ ఊరి దగ్గర కాసేపు ఆగింది. ఒడ్డున ఒకావిడ పిల్లను చూసింది. ఎవరూ అడక్కుండానే ఇంటికి పరుగెత్తి, ఏదో వేరు వేసి కాచిన నీళ్ళు ఇత్తడి చెంబులో తెచ్చి మాణిక్యాంబ చేతికిచ్చింది. పిల్ల రెండు గుక్కలు తాగిందో లేదో, లాంచీ కూత వేసి కదిలింది. చెంబు మాణిక్యాంబ చేతిలోనే ఉండిపోయింది. ఒడ్డున ఆవిడ చెయ్యి పైకెత్తి ఊపుతూ ఏదో అరిచింది. ఎండకు ఆ చేతిలో ఏదో తళుక్కుమంది, గాజులు కాబోలు. ఇంజను మోతలో మాట ఒక్కటీ వినపడలేదు.

పిల్ల బతికింది. భార్యాభర్తల మధ్య వాదం కూడా బతికింది.

"వెళ్ళి రమ్మని దీవించింది మహాతల్లి" అంటుంది మాణిక్యాంబ.

"కాదే, చెంబు ఇచ్చి పొమ్మని అరిచింది" అంటాడు భద్రయ్య.

మరుసటి ఏడు లాంచీలు ఆగిపోయాయి. గుమ్మడిరేవుకు రోడ్డు లేదు. పరాయి చెంబును ఇంటి వాడకానికి పెట్టుకోవడానికి మనసొప్పక భద్రయ్య దాన్ని దేవుడి దగ్గర పెట్టాడు. ప్రతి సోమవారం దానితోనే శివుడికి నీళ్ళు పోశాడు. పోసిన ప్రతిసారీ చెయ్యెత్తి ఊపుతున్న ఆ మనిషి కళ్ళ ముందు కనిపించేది.

ఇలా ఉండగా నదీ విహార వికాస సంస్థ వారు "వర్షారణ్య నౌకా విహారం" అని ఒక కొత్త ఏర్పాటు చేశారు. మూడు పగళ్ళు, రెండు రాత్రులు. రెండో రోజు గుమ్మడిరేవులో మజిలీ. కాగితంలో ఆ పేరు చూడగానే భద్రయ్య రెండు టిక్కెట్లు తీసుకున్నాడు. చెంబును చింతపండు పెట్టి తోమాడు. దానికి కొలత తీసి, మూతి దగ్గర తాడు దూర్చిన సంచి కుట్టాడు. లోకంలో చెంబుకు కొలతలు తీసిన దర్జీ ఆయనొక్కడేనని మాణిక్యాంబ మేలమాడింది.

మొదటి రోజు పొద్దున ఆరు గంటలకు రేవులో నలభై రెండు మంది చేరారు. "వనవిహారి" అనే తెల్లటి లాంచీ తాళ్ళతో ఒడ్డుకు కట్టి ఉంది. దాన్ని నడిపే సరంగు అబ్బులు పళ్ళపుల్ల నములుతూ అంచు మీద కూర్చున్నాడు.

"ఏమండీ, వర్షారణ్యం అంటే ఏదండీ?" అని అడిగాడు భద్రయ్య.

"మన అడవేనండి బాబూ. వాన పడితే వర్షారణ్యం, పడకపోతే ఉత్త అరణ్యం" అన్నాడు అబ్బులు.

అందరూ ఎక్కి కూర్చున్నాక, చంకలో దస్త్రాలతో విహార పర్యవేక్షణాధికారి పరాంకుశం గారు వచ్చారు. ఆయన మనిషికొక కాగితం పంచి గొంతు సవరించుకున్నారు.

"ప్రయాణికులకు ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, నౌక బయలుదేరుటకు అనుమతి కావలెను. అనుమతికి మీ క్షేమ పునరాగమన ధ్రువపత్రము జత చేయవలెను. దయచేసి సంతకములు చేయుడు."

కాగితం మీద ఇలా ఉంది: "నేను మూడు దినముల విహారము ముగించుకుని, క్షేమముగా, సంతృప్తిగా తిరిగి వచ్చితిని."

అనకాపల్లి నుంచి వచ్చిన బెల్లం వ్యాపారి సింహాచలం కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఏటి బాబూ ఇది? ఎల్లకుండా వచ్చీసినట్టు రాసీమంటారేటి?"

పరాంకుశం గారికి కోపం రాలేదు. జాలి వచ్చింది. నాలుగేళ్ళ కిందట వేరే నదిలో సంస్థ వారి లాంచీ ఒకటి ఇసుక తిప్ప మీదికి ఎక్కి రాత్రంతా దిగబడిపోయిందనీ, అందులో ఉన్న ఒక పెద్ద మనిషి బావమరిదికి పొద్దున కాఫీ దొరకలేదనీ, దాని మీద ముగ్గురు సభ్యుల సంఘం పదకొండు నెలలు విచారించిందనీ చెప్పారు. "క్షేమముగా తిరిగి వచ్చెదరన్న రుజువు లేనిదే ఏ నౌకనూ కదలనీయరాదని సంఘం తీర్మానించినది. పద్నాలుగో నిబంధన. తిరిగి వచ్చితిరనుటకు రుజువు ఏమి? మీ సంతకమే కదా?"

"మేం ఇంకా పోలేదు కదండీ" అన్నాడు భద్రయ్య మెల్లగా. "పొద్దున్నే పూజ చేసుకుని వచ్చాను. అబద్ధం మీద సంతకం అంటే…"

"అబద్ధమని ఎవరన్నారు? ఇది ముందస్తు సత్యం" అన్నారు పరాంకుశం గారు.

ఆలూ లేదు, చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అని మాణిక్యాంబ కొంగు చాటున గొణిగింది. కానీ అందరిలాగే ఆవిడకూ లాంచీ కదిలితే చాలు.

సంతకాలతో అయిపోతే బాగానే ఉండేది. పరాంకుశం గారు నిజాయితీపరులు. ధ్రువపత్రం వెనక ముప్పై ఒక్క అంశాల అనుబంధం ఉంది. తిన్నవి, చూసినవి, నిద్రపోయినవి. తినని భోజనం తిన్నట్టు రాయించడానికి ఆయన అంతరాత్మ ఒప్పుకోలేదు.

"సంస్థలో అక్రమములకు తావు లేదు. వడ్డించండి!" అన్నారు.

ఏడు గంటలకు మొదటి రోజు ఇడ్లీ పెట్టారు. ఏడున్నరకు మొదటి రోజు మధ్యాహ్న భోజనం, గుత్తి వంకాయతో. ఎనిమిదింటికి పకోడీ, టీ. ఎనిమిదిన్నరకు రాత్రి చపాతీ. ఆ తరవాత లాంచీకి రెండు పక్కలా పరదాలు దించి, ఒక ఉద్యోగి "శుభరాత్రి" అని కేక వేశాడు. అందరూ కళ్ళు మూసుకోవాలి. ఐదు నిమిషాలకు పరదాలు లేపి "శుభోదయం" అన్నారు. నిజంగా గుర్రుపెట్టిన సింహాచలాన్ని తట్టి లేపి రెండో రోజు ఉప్మా చేతిలో పెట్టారు.

"నాకు రాత్రి తిన్నదే అరగనేదు బాబూ" అన్నాడు ఆయన దీనంగా.

వర్షారణ్యం కాబట్టి పన్నెండో అంశం వర్షానుభవం. ఆకాశంలో మబ్బు తునక లేదు. పరాంకుశం గారు రేవు పక్క తోటమాలిని పిలిపించి, మొక్కలకు నీళ్ళు పెట్టే గొట్టంతో ప్రయాణికుల నెత్తిన మూడు నిమిషాలు తడిపించారు. గొడుగు తెచ్చుకున్న వాళ్ళు గొడుగు విప్పారు. పరాంకుశం గారు గడియారం చూసి "మోస్తరు వర్షం" అని రాసుకున్నారు.

పదిహేడో అంశం గుమ్మడిరేవు మహిళల కొమ్ము నృత్యం. వాళ్ళు రెండో రోజు తమ ఊళ్ళోనే ఆడాల్సింది. కానీ అంశం ఇక్కడ పూర్తి కావాలి కనుక రాత్రే కబురు పంపారు. పదింటికల్లా ఎనిమిది మంది ఆడవాళ్ళు, డప్పులతో సహా, ఒక నాటు పడవలో ఒడ్డుకు వచ్చి దిగారు. పడవకు చిన్న ఇంజను. దాన్ని నడిపింది వాళ్ళలో పెద్దది, సోమక్క.

గుమ్మడిరేవు అన్న మాట చెవిన పడగానే భద్రయ్య లేచి వెళ్ళాడు.

"అమ్మా, ఎంతసేపు పట్టింది రావడానికి?"

"ఎంతసేపు, రెండు గంటలు. నీటివాలే గదా. పోయేటప్పుడు ఇంకో గంట ఎక్కువ" అంది సోమక్క.

"ఏమైనా ధ్రువపత్రం అడిగారా?"

"అదేందయ్యా?"

భద్రయ్య సంచి తాడు వదులు చేసి చెంబు బయటికి తీశాడు. ఇరవై రెండేళ్ళ కిందటి కథంతా చెప్పాడు. సోమక్క చెంబును చేతిలోకి తీసుకుని, అడుగున ఉన్న సొట్ట మీద వేలు పెట్టి చూసి, తిరిగి ఇచ్చేసింది.

"మా రేవులో ఆనాటి ముసలోళ్ళు ఇంకా ముగ్గురున్నారు. నువ్వే వచ్చి చూసుకో" అంది.

డప్పులు మోగాయి, ఆట జరిగింది, పదిహేడో అంశానికి టిక్కు పడింది. రెండో రాత్రి నిద్ర, మూడో రోజు పెసరట్టు కూడా గడిచిపోయాయి. పదకొండు గంటలకు పరాంకుశం గారు చివరి అంశానికి వచ్చారు. ముప్పై ఒకటి: "ప్రయాణ ఉద్దేశము నెరవేరినది." నలభై ఒక్కమంది సంతకం చేసేశారు. మాణిక్యాంబ కూడా చేసింది. భద్రయ్య పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టేశాడు.

"ఏమైంది?" అన్నారు పరాంకుశం గారు.

"నెమళ్ళను చూశానన్నాను, చూడకపోయినా. వాన పడిందన్నాను, తడిశాను కాబట్టి. ఇది మాత్రం నావల్ల కాదండి. నేను బయలుదేరిందే ఈ చెంబు ఇవ్వడానికి. ఇవ్వకుండా ఇచ్చానని రాస్తే, ఇంక దీంతో దేవుడి నెత్తిన నీళ్ళెలా పొయ్యను?"

పరాంకుశం గారు చెంబు వైపు చూశారు. ఆయన ముఖం వికసించింది. "ఇంతేనా! సదరు చెంబును గుమ్మడిరేవు ప్రజల పక్షాన సంస్థ స్వీకరించును. గిడ్డంగిలో భద్రపరచి రసీదు ఇచ్చెదము. ఇటు దయచేయించండి."

ఆయన చెయ్యి చాపారు. భద్రయ్య సంచిని గుండెకు హత్తుకున్నాడు. మాణిక్యాంబ మొగుడికీ అధికారికీ మధ్యకు వచ్చి నిలబడింది.

"గిడ్డంగి తాగించిందా మా పిల్లకు మందునీళ్ళు?" అంది.

సంతకం పడలేదు. పరాంకుశం గారు కాగితాలు లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. ఆయన ముఖం తెల్లబోయింది. పక్కకు వెళ్ళి ప్రధాన కార్యాలయానికి ఫోను చేసి, పావుగంట మాట్లాడి, టోపీ తీసి చేత్తో పట్టుకుని వచ్చారు.

"ప్రయాణికులారా, విచారకరమైన వార్త. వెళ్ళినవారు నలభై రెండు. తిరిగి వచ్చినవారు నలభై ఒకటి. ముత్యాల భద్రయ్య అను ప్రయాణికుడు గల్లంతైనారు."

లాంచీలో అందరూ తలలు తిప్పి భద్రయ్యను చూశారు.

"నేను ఇక్కడే ఉన్నానండీ" అన్నాడు భద్రయ్య.

"ఇక్కడ ఉండుట వేరు, తిరిగి వచ్చుట వేరు" అన్నారు పరాంకుశం గారు. తరవాత మాణిక్యాంబ వైపు తిరిగి గొంతు తగ్గించారు. "అమ్మా, మీరు ధైర్యంగా ఉండాలి."

"అదేంటండీ, ఆయన నా పక్కనే ఉంటే!"

"అందరూ అదే అంటారమ్మా. ఆప్తులు ఎప్పుడూ పక్కనే ఉన్నట్టు అనిపిస్తుంది."

సింహాచలం వచ్చి భద్రయ్య భుజం మీద చెయ్యి వేశాడు. "మంచి మనిషి బాబూ. ఇంతలోనే పోయినాడు."

గల్లంతైన వాళ్ళ విషయంలో సంస్థ క్షణం ఆలస్యం చెయ్యదు. ఇరవై రెండో నిబంధన కింద గాలింపు మొదలైంది. ముందు ఆనవాళ్ళు రాసుకోవాలి. పరాంకుశం గారు భద్రయ్యనే నిలబెట్టి ఎత్తు కొలిపించారు. కనిపించకుండా పోయినప్పుడు ఏ బట్టల్లో ఉన్నారని అడిగారు.

"ఇవేనండి. తెల్ల పంచె, నేనే కుట్టుకున్న గళ్ళ చొక్కా."

"చేతిలో?"

"చెంబు."

"చివరిసారి ఎక్కడ కనిపించారు?" అని ఆయన తోటి ప్రయాణికుల ధ్రువపత్రాలు తిరగేశారు. అందులో నలభై ఒక్కమందీ "రెండవ దినము గుమ్మడిరేవులో తోటి ప్రయాణికులందరితో ఆనందముగా గడిపితిమి" అని సంతకాలు చేసి ఉన్నారు. మూడో రోజుకు అలాంటి అంశం లేదు. "గుమ్మడిరేవు!" అన్నారు పరాంకుశం గారు, నేరస్థుడి జాడ తెలిసినట్టు. "అక్కడే గాలించవలెను. తక్షణమే!"

"లాంచీ విప్పమంటారా?" అన్నాడు అబ్బులు, పళ్ళపుల్ల పారేసి లేస్తూ.

"అసంభవం. లాంచీ పద్నాలుగో నిబంధన కింద ఉన్నది. గాలింపుకు ధ్రువపత్రము అవసరం లేదు గాని, గాలింపునకు లాంచీ వాడవచ్చునని ఎక్కడా లేదు. నాటు పడవ వాడరాదని కూడా ఎక్కడా లేదు."

ఆ పూట రేవులో ఉన్న నాటు పడవ ఒక్కటే. అలా సోమక్క పడవ సంస్థ వారి గాలింపు పడవ అయింది. అబ్బులును గాలింపు అధికారిగా నియమించి చేతిలో ఒక దస్త్రం పెట్టారు. ఇక ఒక్క చిక్కు మిగిలింది. దొరికిన మనిషి భద్రయ్యేనని గుర్తుపట్టడానికి ఎవరో ఒకరు వెంట ఉండాలి.

"నేను పోతాను" అంది మాణిక్యాంబ.

"మీరు ఈ దినమే తిరిగి వచ్చితిరి. ఒకే దినమున రెండు మార్లు వెళ్ళుటకు వీలు లేదు."

నలభై ఒక్కమందిదీ అదే పరిస్థితి. పరాంకుశం గారు నుదురు రుద్దుకున్నారు. అప్పుడు అబ్బులు తల గోక్కుంటూ భద్రయ్యను చూపించాడు.

"అయ్యగారూ, ఈయనైతే ఖాళీగానే ఉన్నారండి. భద్రయ్యగారిని చిన్నప్పటి నుంచీ ఎరుగుదురు."

పరాంకుశం గారు భద్రయ్యను ఎగాదిగా చూశారు. "ఆయనతో మీకు పరిచయం ఎట్టిది?"

భద్రయ్య చెంబు సంచి వైపు చూసుకున్నాడు. అబద్ధం చెప్పకూడదు. "పూర్తిగా తెలుసని అనలేనండి. కానీ చూస్తే గుర్తుపడతాను."

ఆ జవాబు ఆయనకు నచ్చింది. "జవాబులో బాధ్యత ఉన్నది" అని, గుర్తించగల వ్యక్తిగా ఆయన పేరే రాసుకున్నారు. ఒకే కాగితంలో ఆ పేరు రెండు చోట్ల పడినా అందులో నిబంధనకు విరుద్ధమేమీ కనిపించలేదు.

మాణిక్యాంబ నీళ్ళ దాకా దిగి వచ్చింది. "ఇదిగో, ముందు చెంబు సంగతి చూడండి. తరవాత తీరిగ్గా దొరకండి" అంది.

పడవ కదిలింది. వెనక రేవులో, క్షేమంగా తిరిగి వచ్చిన నలభై ఒక్కమందికి పూలదండలు వేస్తున్నారు. వాళ్ళు ఎక్కడికీ పోలేదన్న సంగతి అరగని అన్నం తప్ప ఇంకెవరూ గుర్తు చెయ్యడం లేదు. తాళ్ళతో కట్టిన లాంచీ మెల్లగా చిన్నదైపోయింది.

నది ఒంపు తిరిగాక కొండలు దగ్గరికి వచ్చాయి. ఎవరో రెండు చేతులతో దారి ఇచ్చినట్టు నీళ్ళు వాటి నడుమ నుంచి వస్తున్నాయి. ఒక చోట ఇసుక మీద నిజంగానే రెండు నెమళ్ళు తిరుగుతున్నాయి. పొద్దున చూశానని సంతకం పెట్టిన నెమళ్ళవి. భద్రయ్య వాటికి మనసులో క్షమాపణ చెప్పుకున్నాడు. గుమ్మడిరేవు ఇంకా కూతవేటు దూరం ఉందనగా చిన్న జల్లు కూడా పడింది. ఎవరూ గడియారం చూడలేదు.

ఆడవాళ్ళంతా దిగి ఇళ్ళకు పోయారు. సోమక్క మాత్రం భద్రయ్యనూ అబ్బులునూ గట్టు ఎక్కించి, తను చెప్పిన ముగ్గురిలో మొదటి వాళ్ళ ఇంటికీ కాదు, రెండో ఇంటికీ కాదు, నేరుగా తాటాకు పందిరి ఉన్న ఒక గుమ్మం ముందుకు తీసుకుపోయింది.

"అత్తా, నీకోసం ఎవరో వచ్చారు" అని కేకేసింది.

లోపలి నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. నడుం వంగింది. చూపు మందగించింది. భద్రయ్య సంచిలోంచి చెంబు తీసి రెండు చేతులా చాపాడు. ఆవిడ దాన్ని అందుకుని, కళ్ళతో కాకుండా చేత్తో చూసింది. అడుగు సొట్ట దగ్గర వేళ్ళు ఆగాయి.

"పిల్ల బతికిందా?" అంది.

"బతికిందమ్మా. దానికిప్పుడు ఇద్దరు పిల్లలు."

"ఊఁ. ఆ వేరు మంచిదిలే."

"అమ్మా, ఒక్క మాట. ఆ రోజు లాంచీ కదిలాక చెయ్యెత్తి పిలిచావు. చెంబు ఇమ్మనేనా? ఇరవై రెండేళ్ళుగా ఆ మాటే నన్ను తొలిచేస్తోంది."

"చెంబా? చెంబెందుకు? ఆగండి, ఆగండి అని అరిచాను. ఎవరు విన్నారు!" అంటూ ముసలమ్మ లోపలికి పోయింది. గూట్లో చెయ్యి పెట్టి తడిమి, ఏదో తీసుకుని వచ్చింది. ఇత్తడి మూత. తోమి తోమి అద్దంలా మెరుస్తోంది. "హడావుడిలో మూత నా చేతిలో ఉండిపోయింది. మూత లేకుండా తోవలో మందునీళ్ళు ఒలికిపోవా? అది చూపించాను. పిల్లకెట్టా ఉందో, నీళ్ళు చాలినయ్యో లేదో అని మాకిక్కడ ఇన్నేళ్ళూ అదే అనుమానం."

ఆవిడ మూతను చెంబు మీద పెట్టింది. సరిగ్గా కూర్చుంది.

"ఇన్నేళ్ళు దీంతో ఏం చేశావు?"

"సోమవారం సోమవారం శివుడికి నీళ్ళు పోశానమ్మా. ఆ పుణ్యం నీదో నాదో తెలియలేదు."

ముసలమ్మ పళ్ళు లేని నోటితో నవ్వింది. "నేనూ సోమవారమే మూత తోముతాను. ఇంక నీదేంది, నాదేంది?"

అబ్బులు వెనక నుంచి దగ్గాడు. దస్త్రం తెరిచి ముందుకు చాపాడు. "భద్రయ్యగారూ, ఈయన భద్రయ్యగారేనా అండీ?"

భద్రయ్య తన వైపు తాను ఒకసారి చూసుకున్నాడు. "ఇప్పుడు అవునండి" అని సంతకం చేశాడు. దస్త్రంలోనే ఉన్న తన ధ్రువపత్రంలో ముప్పై ఒకటో అంశం దగ్గర కూడా చేశాడు. పొద్దుటి నుంచి ఆయన చేసిన సంతకాల్లో చెయ్యి తడబడనిది ఆ ఒక్కటే.

ముసలమ్మ చెంబును కడవలో ముంచి నీళ్ళు తెచ్చింది. భద్రయ్య చెప్పులు విడిచి, దోసిలి పట్టి కడుపారా తాగాడు. ఒడ్డున పడవ ఇంజను మొదలైంది, సోమక్క రమ్మని పిలుస్తోంది. ఈసారి ఆయన తొందరపడలేదు. చెంబును ఆవిడ చేతుల్లో నుంచి ఒక్కసారి తీసుకుని, పంచె చెంగుతో తడి తుడిచి, మూత పెట్టి, తిరిగి ఆవిడ చేతుల్లోనే పెట్టాడు.